నల్లరేగడిలో చిన్న ట్రాక్టరు: పట్టు ఎక్కడిది, బరువు ఎందుకు?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప చేలలో ఒకప్పుడు ఒంగోలు ఎద్దుల జత గుంటక లాగిన సాళ్ల మధ్య నేడు చిన్న ట్రాక్టరు తిరుగుతున్నది. పశుపోషణ భారం కావడం, కూలీలు సమయానికి దొరకకపోవడం, కలుపు తీతకు అదును మించిపోవడం వంటి కారణాల వల్ల 15 నుంచి 30 అశ్వశక్తి గల ఇరుకు ట్రాక్టర్లు రైతుకు అవసరమయ్యాయి. స్వరాజ్ సంస్థ 2021లో విడుదల చేసిన 11 అశ్వశక్తి ‘కోడ్’ వంటి యంత్రాలు ఇంకా చిన్నవి. వాటి వెడల్పు మీటరు లోపే. పైరు సాళ్ల మధ్యకు యంత్రం రావడం ఆహ్వానించదగిన మార్పు. అయితే ఆ యంత్రంతో పాటు వచ్చిన ఒక ప్రశ్నకు మన విస్తరణ వ్యవస్థ ఇంకా సరైన సమాధానం ఇవ్వలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వాన వెలిసిన మూడు నాలుగు రోజులకే నల్లరేగడిలో దిగిన చిన్న ట్రాక్టరు పలు సందర్భాలలో ముందుకు సాగదు. టైరు పళ్ల మధ్య బంక మట్టి నిండి, టైరు నున్నని దిమ్మెలా మారి, ఒకే చోట తిరిగి గుంత తవ్వుతుంది. ఇందుకు గ్రామంలోను, యంత్రాల దుకాణంలోను వినవచ్చే సలహా ఒక్కటే: బండి తేలికగా ఉన్నది, బరువు వేయండి. వెనుక టైర్లలో నీరు నింపడం, చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగించడం, అవి లేకుంటే మడ్‌గార్డులపై మనుషులను కూర్చోబెట్టడం జరుగుతున్నది. ఈ సలహా ఒక నేలలో, ఒక పనిలో సరైనది. మరొక నేలలో, మరొక పనిలో అదే సలహా పట్టును పెంచకపోగా పైరు వేరుకు గోడ కడుతుంది. ఈ తేడాను విడమరచి చెప్పడమే విస్తరణ శాస్త్రవేత్త పని.

మంచు దేశాల అనుభవం, మన నేల

చిన్న ట్రాక్టరుకు బరువు వేసే విద్య శీతల దేశాలలో బాగా అభివృద్ధి చెందింది. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను ఇంచుమించు ఇదే పరిమాణం గల ట్రాక్టర్లను శీతాకాలంలో దారులపై పేరుకున్న మంచును తొలగించడానికి వాడతారు. అక్కడ వెనుక టైర్లలో నింపే నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారు, టైర్లకు గొలుసులు చుడతారు, ట్రాక్టరు వెనుక కాంక్రీటు నింపిన పెట్టెను తగిలిస్తారు. ఆ పనికి అది తగిన పద్ధతే. మంచు కింద ఉన్నది రహదారి లేదా గడ్డకట్టిన గట్టి నేల. ఎంత బరువు మోపినా ఆ నేలకు కలిగే నష్టం స్వల్పం. రేపు అక్కడ మొలకెత్తవలసిన విత్తనం ఏదీ లేదు.

మన చేనిలో పరిస్థితి వేరు. చక్రం ఏ మట్టిని తొక్కి ముందుకు పోతున్నదో ఆ మట్టిలోనే మిరప వేరు పెరగాలి, ప్రత్తి తల్లివేరు లోతుకు దిగాలి, తుఫాను నీరు ఇంకాలి. కనుక బరువు వేసే విద్యను నేర్చుకోవలసినదే గాని, దాని వెనుక ఉన్న సూత్రాన్ని గ్రహించి మన నేలకు తగినట్లు మార్చుకోవాలి.

పట్టుకు రెండు మూలాలు

చక్రానికి నేల ఇచ్చే పట్టు రెండు మూలాల నుంచి వస్తుంది. మొదటిది మట్టి రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండే గుణం, అనగా సంసంజనం. రెండవది రేణువుల మధ్య ఘర్షణ. చక్రం నేల నుంచి పొందగల గరిష్ఠ తోపు రెండు పదాల మొత్తమని నేల యాంత్రిక శాస్త్రం చెబుతుంది: టైరు నేలను తాకే వైశాల్యాన్ని సంసంజనంతో గుణించగా వచ్చినది ఒకటి, చక్రంపై ఉన్న బరువును ఘర్షణ కోణపు టాంజెంటుతో గుణించగా వచ్చినది రెండవది. విద్యార్థులు తరగతిలో నేర్చుకొనే ఈ చిన్న సమీకరణమే మన చర్చకు మూలం. మొదటి పదంలో బరువుకు ప్రమేయం లేదు; అక్కడ లెక్కకు వచ్చేది వైశాల్యం. రెండవ పదంలో వైశాల్యానికి ప్రమేయం లేదు. అక్కడ లెక్కకు వచ్చేది బరువు.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల ఎర్ర నేలలను తీసుకుందాం. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఈ నేలలలో పట్టు ప్రధానంగా ఘర్షణ వల్ల వస్తుంది. ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుంటే దాని టాంజెంటు సుమారు 0.58. అంటే వెనుక చక్రాలపై అదనంగా వేసిన ప్రతి 100 కిలోల బరువుకు సుమారు 58 కిలోల అదనపు తోపు లభిస్తుంది. దొర్లుడు నిరోధం రూపంలో అందులో కొంత పోయినా, నికరంగా లాభమే మిగులుతుంది. ఇక్కడ బరువు వేయమన్న సలహా సరైనది.

ఇప్పుడు ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు వైపు నల్లరేగడికి వద్దాం. మాంట్‌మొరిల్లొనైటు జాతి బంకమన్ను అధికంగా గల ఈ నేల తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించి నెర్రెలు విచ్చుతుంది. తడిసి ముద్దయిన బంకమట్టిపై చక్రం బరువు హఠాత్తుగా పడినప్పుడు రంధ్రాలలోని నీరు బయటకు పోయే వ్యవధి ఉండదు. పడిన బరువును రేణువులు కాక నీరే మోస్తుంది. రేణువులు ఒకదానినొకటి గట్టిగా నొక్కుకోవు గనుక ఘర్షణ పెరగదు. ఆ స్థితిలో ఘర్షణ కోణం దాదాపు శూన్యంగా ప్రవర్తిస్తుంది. ఉదారంగా 5 డిగ్రీలు అనుకున్నా టాంజెంటు 0.09 లోపే. అంటే 100 కిలోల అదనపు బరువుకు లభించే తోపు 9 కిలోలు మించదు. మెత్తని తడి నేలలో దొర్లుడు నిరోధం బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఉండటం సాధారణం గనుక అదే 100 కిలోల బరువు 10 నుంచి 20 కిలోల తోపును మింగివేస్తుంది. లెక్క తేలినది ఇది: తడి రేగడిలో బరువు వేసిన ట్రాక్టరు వేయని ట్రాక్టరు కంటే ముందుగా దిగబడుతుంది.

ఆ నేలలో పట్టు పెంచే మార్గం మొదటి పదంలో ఉన్నది. వైశాల్యం పెంచాలి, లేదా సంసంజనం పెరిగే వరకు ఆగాలి. తేమ తగ్గుతున్న కొలదీ బంకమట్టి బలం వేగంగా పెరుగుతుంది. మన రైతు ‘పదును’ అని పిలిచేది ఈ స్థితినే. అదును, పదును అన్న రెండు మాటలను మన సేద్యం జంటగా వాడటంలో లోతైన అర్థమున్నది. కాలం కలిసివచ్చినా నేల సిద్ధంగా లేకుంటే అరక కట్టకూడదు. యంత్రం వచ్చిన తరువాత మనం అదునును పట్టుకొని పదునును వదిలివేశాం. పదును రాకముందే చేనిలో దిగగల శక్తి యంత్రానికి ఉన్నదన్న భ్రమకు బరువు దిమ్మెలు ఊతమిస్తున్నాయి.

ఏ పనికి ఎంత బరువు?

నేల తరువాత చూడవలసినది పని. ప్రత్తి, మిరప సాగులో చిన్న ట్రాక్టరు చేసే పనులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే అదనపు బరువు నిజంగా అవసరమయ్యే పనులు కొద్దివేనని తెలుస్తుంది.

రోటవేటరు పనిలో బ్లేడ్లు పి.టి.ఓ. శక్తితో తిరుగుతూ మట్టిని వెనుకకు నెట్టి ట్రాక్టరును ముందుకు తోస్తాయి. ఈడ్పు అవసరం స్వల్పం. కనుక ఆ పనికి టైర్లలో నీరు నింపడం ఇంధనం దండుగ, నేలకు భారం. ప్రత్తి కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డరుకు కూడా ఇదే వర్తిస్తుంది.

మందు పిచికారీ పనిలో పీపాయే బరువు. 2021లో నల్ల తామర పురుగు మిరపను చుట్టుముట్టిన నాటి నుంచి పిచికారీల గురించిన ఆందోళన, దానితో పాటు చేనిలో చక్రం తిరిగే సార్లు పెరిగాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క విద్యార్థులు స్వయంగా చేసి చూడదగినది. 800 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసుపై 320 కిలోలు, వెనుక ఇరుసుపై 480 కిలోలు ఉన్నాయనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు. 400 లీటర్ల మందు నీటి బరువు వెనుక ఇరుసుకు 0.75 మీటరు వెనుకగా వేలాడుతున్నదనుకుందాం; పీపా, చట్రం బరువును ప్రస్తుతానికి వదిలివేద్దాం. తులాదండ న్యాయం ప్రకారం ముందు ఇరుసు నుంచి 200 కిలోలు లేచిపోయి 120 కిలోలే మిగులుతాయి. వెనుక ఇరుసుపై బరువు 480 నుంచి 1,080 కిలోలకు చేరుతుంది. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసుపై ఉంటేనే స్టీరింగు అదుపులో ఉంటుందన్నది సాధారణ నియమం. ఇక్కడ మిగిలినది పదో వంతే. అదే పీపా 200 లీటర్లది అయితే ముందు 220 కిలోలు మిగిలి, మొత్తం 1,000 కిలోలలో ఐదో వంతుకు పైగా ఉంటుంది. పెద్ద పీపా తగిలించవలసి వస్తే కావలసినది ముందు బంపరుకు బిగించే దిమ్మెలు మాత్రమే. వెనుక టైర్లలో నీరు ఉంటే తీసివేయాలి. ఆచరణలో దీనికి విరుద్ధంగా జరగడం అరుదు కాదు.

అంతరకృషిలో సాళ్ల మధ్య గుంటక, చిన్న కల్టివేటరు లాగడానికి కావలసిన ఈడ్పు తక్కువ. ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు బలంతో రోజంతా లాగగలదని అంచనా. 500 కిలోల ఎద్దులు రెండు కలిసి చూపే ఈడ్పు 100 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ ఈడ్పుతోనే తరతరాలుగా ఈ రేగడిలో అంతరకృషి సాగింది. పదునులో దిగితే చిన్న ట్రాక్టరు తన సొంత బరువుతోనే అంతకు మించిన ఈడ్పును ఇవ్వగలదు. ఇవ్వలేకపోయిందంటే లోపం బరువులో కాక, పదునులోనో, టైరు గాలిలోనో, పనిముట్టు లోతులోనో ఉన్నదని భావించాలి.

ఇక అదనపు బరువు నిజంగా పనికివచ్చేది రెండు చోట్ల. ఒకటి, ఎర్ర నేలలలోను, ఎండి గట్టిపడిన పైపొర గల నేలలలోను కల్టివేటరు, గొర్రు వంటి ఈడ్పు పనిముట్లు లాగడం. రెండవది, మిరప టిక్కీలను, ప్రత్తి బోరాలను ట్రక్కులో నింపి రోడ్డుపై లాగడం. రోడ్డుపై బ్రేకు పడాలంటే కూడా చక్రానికి పట్టు కావాలి. అయితే రెండు చక్రాల ట్రక్కు తన బరువులో కొంత ట్రాక్టరు వెనుక భాగంపై మోపి ముందు భాగాన్ని తేలిక చేస్తుంది గనుక ఇక్కడ కూడా ముందు దిమ్మెల సంగతి మరువరాదు.

బరువు వేయకుండానే బరువు పొందే మార్గం ఒకటి అనేక ట్రాక్టర్లతో వస్తుంది. 1930లలో హ్యారీ ఫెర్గూసన్ తేలికపాటి ట్రాక్టరుతో నాగలి లాగించడానికి మూడు బిందువుల లింకేజీని, ఈడ్పును బట్టి పనిముట్టును స్వయంగా పైకీ కిందికీ కదిలించే హైడ్రాలిక్ నియంత్రణను ఆచరణలోకి తెచ్చాడు. పనిముట్టు బరువును, దానిపై మట్టి కలిగించే కిందివైపు లాగుడును కొంతమేరకు వెనుక చక్రాలపైకి మళ్లించడమే దాని కీలకం. మట్టి కలిగించే ఆ లాగుడు పని జరుగుతున్నంతసేపే ఉంటుంది. పనిముట్టు లేపగానే ఆ లాగుడు ఉండదు. ఈ నియంత్రణ గల ట్రాక్టర్లలో దానికి వేరుగా ఒక మీట ఉంటుంది. ఆ మీట ఉపయోగం నేర్పకుండా దిమ్మెలు కొనిపించడం సరైన క్రమం కాదు.

టైరులో గాలి: ఖర్చు లేని సాధనం

స్పర్శ వైశాల్యాన్ని పెంచడానికి అన్నిటికంటె చవకైన సాధనం టైరు గాలి. గట్టిగా గాలి నింపిన టైరు నేలను చిన్న మేరలో తాకి లోతుగా దిగుతుంది. గాలి తగ్గించిన టైరు పరచుకొని ఎక్కువ పళ్లను నేలకు ఆనిస్తుంది. టైరు నేలపై కలిగించే పీడనం ఇంచుమించు దానిలోని గాలి పీడనానికి దగ్గరగా, కొద్దిగా ఎక్కువగా ఉంటుంది. కనుక పైపొర ఎంత అణగారుతుందో నిర్ణయించేది ప్రధానంగా గాలి పీడనం. లోతు పొరలు ఎంత అణగారతాయో నిర్ణయించేది ప్రధానంగా ఇరుసుపై ఉన్న మొత్తం బరువు. ఈ రెండు వాక్యాలను ప్రతి శిక్షణా తరగతిలోను చెప్పవలసి ఉన్నది.

వెనుక టైర్లకు చేనిలో సాధారణంగా 12 నుంచి 14 పీఎస్ఐ, రోడ్డుపై బరువు లాగేటప్పుడు అంతకంటె ఎక్కువ అవసరం. కచ్చితమైన అంకెను టైరు తయారీదారు ఇచ్చిన పట్టిక నుంచి, ఇరుసుపై బరువును బట్టి తీసుకోవాలి. రోడ్డు పని కోసం నింపిన గాలితోనే ట్రాక్టరును చేనిలో దింపడం రివాజుగా మారింది. గాలి కొలిచే గేజీ ఖరీదు ఒక జత ఇనుప దిమ్మెల ఖరీదులో చిన్న భాగం. అయినా ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో గేజీ కనిపించడం అరుదు.

నీరు నింపే పద్ధతికి వస్తే, మన మైదానాలలో నీరు గడ్డకట్టదు గనుక కాల్షియం క్లోరైడు అవసరమే లేదు. అది రిమ్మును తుప్పు పట్టిస్తుంది కూడా. వాల్వును పైభాగానికి తెచ్చి, ఆ మట్టం వరకు, అనగా టైరులో మూడు వంతులు మించకుండా నింపాలి. పై భాగంలో గాలి లేకుంటే టైరు స్ప్రింగు గుణం కోల్పోతుంది. 12.4-28 పరిమాణం గల టైరు ఈ విధంగా సుమారు 150 లీటర్లు పడుతుంది. ఒకసారి నింపిన నీటిని తీయడం శ్రమతో కూడిన పని గనుక ఎర్ర నేలకు నింపిన నీరు నల్ల నేలలోకి, కల్టివేటరుకు నింపిన నీరు పిచికారీలోకి అలాగే కొనసాగుతుంది. ఈ కారణం చేత, రెండు రకాల నేలలలో తిరిగే కిరాయి ట్రాక్టర్లకు నీటి కంటె విప్పి బిగించగల దిమ్మెలే తగినవని నా అభిప్రాయం.

పశ్చిమ డెల్టా మాగాణిలో వాడే దమ్ము చక్రాలను మెట్ట రేగడికి సిఫారసు చేయడం కూడా జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. దమ్ములో మట్టిని కలిపి నీరు ఇంకకుండా చేయడమే లక్ష్యం. ప్రత్తి, మిరపలలో మనకు కావలసినది సరిగ్గా దానికి వ్యతిరేకం.

జారుడు ఖర్చు ఎవరిది?

చక్రం కొంత జారడం సహజం. జారుడు బొత్తిగా లేకుంటే ఈడ్పే పుట్టదు. రెండు చక్రాల డ్రైవు గల ట్రాక్టరుకు చేనిలో 10 నుంచి 15 శాతం వరకు జారుడు అనుకూలమైన పరిధి. అంతకంటె చాలా తక్కువగా ఉంటే అనవసరపు బరువు మోస్తున్నదని, చాలా ఎక్కువగా ఉంటే ఇంధనం, టైరు అరుగుతున్నవని అర్థం.

దీనిని కొలవడానికి పరికరాలు అవసరం లేదు. టైరుపై సున్నంతో ఒక గుర్తు పెట్టి, పనిముట్టు పైకెత్తి అదే చేనిలో చక్రం 10 చుట్లు తిరిగినప్పుడు సాగిన దూరం కొలవాలి. పనిముట్టు దించి మరల 10 చుట్లకు సాగిన దూరం కొలవాలి. మొదటిది 30 మీటర్లు, రెండవది 25.5 మీటర్లు అయితే తేడా 4.5 మీటర్లు, అనగా జారుడు 15 శాతం. రెండవది 21 మీటర్లే అయితే జారుడు 30 శాతం.

ఈ అంకె వెనుక ఒక న్యాయం ప్రశ్న ఉన్నది. ఈ ప్రాంతంలో కౌలు సేద్యం విస్తారం. కౌలు రైతులు చాలామందికి సొంత ట్రాక్టరు ఉండదు, కిరాయికి తెచ్చుకుంటారు. కిరాయి గంటల లెక్కన ఉంటే, 12 శాతం జారుడుతో 88 మీటర్లు సాగవలసిన వ్యవధిలో 30 శాతం జారుడుతో 70 మీటర్లే సాగుతుంది. అంటే అదే పనికి నాలుగో వంతుకు పైగా ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయానికి కిరాయి చెల్లించేది రైతు. జారుడు తగ్గించడానికని అదనపు బరువు వేస్తే అణగారే నేల కూడా ఆ రైతు కౌలు చెల్లిస్తున్న నేలే. ట్రాక్టరు యజమాని చేను దాటి వెళ్లిపోతాడు. గట్టిపడిన సాళ్లు రైతుకు మిగులుతాయి. ఎకరం లెక్కన కిరాయి ఉన్నచోట జారుడు నష్టం యజమానిది అవుతుంది గనుక అతడే పదును కోసం ఆగుతాడు. కిరాయి ఒప్పందాల గురించి సలహా ఇచ్చేటప్పుడు ఈ అంశాన్ని కూడా విస్తరణ సిబ్బంది ప్రస్తావించాలి.

అణగారిన నేల నష్టం వాన వచ్చినప్పుడు బయటపడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు ఈ రెండు జిల్లాల చేలలో నీరు నిలిచింది. అటువంటి సమయంలో మిరప వేరుకు గాలి అందడం, నిలిచిన నీరు ఎంత త్వరగా కిందికి దిగుతుందన్న దానిపై ఆధారపడుతుంది. చక్రం తొక్కి మూసివేసిన రంధ్రాలలోంచి నీరు దిగదు. తుఫాను మన చేతిలో లేదు; చక్రం మన చేతిలో ఉన్నది.

చక్రానికి ఒక దారి

బరువు, గాలి, పదును సరిచూసుకున్నా చక్రం నేలను కొంత తొక్కక తప్పదు. ఒకే చోట పలుమార్లు తిరిగే చక్రం చేసే నష్టంలో అధిక భాగం మొదటిసారికే జరుగుతుందన్నది నేల శాస్త్రంలో స్థిరపడిన విషయం. దీని నుంచి వచ్చే పాఠం సులభమైనది: ప్రతిసారీ కొత్త దారిలో తిరిగి చేనంతా తొక్కడం కంటె, ఎల్లప్పుడూ ఒకే దారిలో తిరిగి మిగిలిన చేనును కాపాడుకోవడం మేలు.

ఇది మనకు కొత్త కాదు. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్, ఆ దశాబ్దంలోనే నల్లరేగడుల కోసం వెడల్పు బోదెలు, కాలువల పద్ధతిని రూపొందించింది. సుమారు ఒకటిన్నర మీటరు అంతరంతో తీసిన కాలువలలో ఎద్దులు నడిచేవి, ట్రోపికల్టరు చక్రాలు తిరిగేవి. పైరు బోదెపై పెరిగేది. ఎద్దుల కాలంలో రూపొందిన ఆ పద్ధతి చిన్న ట్రాక్టరు కాలానికి మరింత తగినది. చక్రాల మధ్య దూరాన్ని సాళ్లకు సరిపోయేటట్లు అమర్చి, విత్తడం, అంతరకృషి, పిచికారీ అన్నీ అవే దారులలో చేయిస్తే, తొక్కుడుపడి గట్టిపడిన ఆ దారియే చక్రానికి మంచి పట్టు ఇస్తుంది. మెత్తని నేల పైరుకు, గట్టి నేల చక్రానికి దక్కుతాయి. అదనపు బరువు అవసరం దానంతట అదే తగ్గుతుంది.

కొన్ని ఆక్షేపణలు

నల్లరేగడి తనను తాను బాగుచేసుకొనే నేల గదా, వేసవిలో నెర్రెలు విచ్చి అణగారిన పొర విడిపోతుంది గదా అని కొందరు అడుగుతారు. ఇందులో నిజం ఉన్నది. అయితే ఆ స్వస్థతకు తడి, పొడి ఆవృతాలు పలుమార్లు జరగాలి. లోతు పొరలలో అది మరీ నెమ్మది. సెప్టెంబరులో తొక్కిన నేల ఆ మిరప పైరు ముగిసేలోగా కోలుకోదు. వచ్చే వేసవి చేసే మేలు ఈ ఏటి రైతుకు అక్కరకు రాదు.

పదును కోసం ఆగితే కలుపు ముదురుతుంది, పురుగు విజృంభిస్తుంది అన్నది రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది. ఆగలేని రోజులు ఉంటాయి. అటువంటప్పుడు సరైన సమాధానం బరువు పెంచడం కాదు, తగ్గించడం: సగం పీపా మందు, తగ్గించిన గాలి, నిర్ణీత దారి, వీలైతే భుజాన మోసే స్ప్రేయరు. నాలుగు చక్రాల డ్రైవు గల చిన్న ట్రాక్టరుకు ముందు చక్రాలు కూడా పట్టు ఇస్తాయి గనుక అదే బరువుతో ఎక్కువ ఈడ్పు లభిస్తుంది. నల్లరేగడి రైతుకు కొనుగోలు సలహా ఇచ్చేటప్పుడు అశ్వశక్తి కంటె ముందు ఈ అంశాన్ని చెప్పాలి.

మనుషులను ఎక్కించి బరువు సమకూర్చే అలవాటును మాత్రం ఏ కారణం చేతనూ సమర్థించలేం. ఎద్దు గుంటకపై రాయి పెట్టడం, మనిషి నిలబడటం పూర్వపు ఆచారం. ఎద్దు ‘ఆగు’ అంటే ఆగేది. తిరిగే రోటవేటరు ఆగదు. దిగబడిన ట్రాక్టరును లాగడానికి గొలుసును డ్రాబారుకు కాక ఎత్తైన చోట తగిలిస్తే ముందు చక్రాలు లేచి బండి డ్రైవరుపై తిరగబడే ప్రమాదమున్నది. ఈ రెండు హెచ్చరికలు లేని ట్రాక్టరు శిక్షణ అసంపూర్ణం.

మన బాధ్యత

ట్రాక్టరు ఈడ్పు పరీక్షలకు భారత ప్రమాణం ఐఎస్ 5994 ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి కేంద్ర సంస్థ పనిచేస్తున్నది. మన రాష్ట్రంలో గార్లదిన్నె సంస్థ ఉన్నది. ప్రమాణం ప్రకారం ఈడ్పు పరీక్ష కాంక్రీటు పథంపై, అదనపు బరువుతోను, అది లేకుండాను జరుగుతుంది. యంత్రాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది అవసరమే. కాని కాంక్రీటుపై బరువు ఎల్లప్పుడూ లాభమే చూపుతుంది. ఆ అంకెను పట్టుకొని సెప్టెంబరు నెల పర్చూరు రేగడికి సలహా ఇవ్వలేం. ఆ ఖాళీని పూరించవలసినది మన విశ్వవిద్యాలయమే.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. లాం పరిశోధన స్థానంలో నల్లరేగడి ఉన్నది, బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నది, ప్రకాశం జిల్లాకు దర్శి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్లే ప్రతి విద్యార్థి బృందం తన గ్రామంలో ఐదు ట్రాక్టర్ల జారుడును, టైరు గాలిని, ఆనాటి నేల తేమను కొలిచి నమోదు చేస్తే, కొద్ది సంవత్సరాలలో ఈ రెండు జిల్లాల నేలలకు, పనులకు తగిన బరువు పట్టిక తయారవుతుంది. ఏ నేల, ఏ పని, ఎంత పదును, ముందు ఎంత, వెనుక ఎంత, గాలి ఎంత అన్నది ఒక పుట మించని ఆ పట్టికను ప్రతి కిరాయి యంత్ర కేంద్రం గోడపై ఉంచవచ్చు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ ద్వారా రాయితీపై ట్రాక్టరు ఇచ్చేటప్పుడు దానితో పాటు ఒక గాలి గేజీ, విప్పి బిగించే ముందు దిమ్మెలు తప్పనిసరి చేయాలని కోరవచ్చు.

అప్పటివరకు రైతు అడిగినప్పుడు మనం చెప్పగల మాట ఒకటి ఉన్నది. ఎర్ర నేలలో బరువు వేయండి, పని కాగానే తీయండి. నల్ల నేలలో గాలి తగ్గించండి, దారి మార్చకండి, మట్టి ముద్ద చేతికి అంటకుండా విడిపోయే వరకు ఆగండి.